మాండరిన్‌కు తెలుగు మెట్టు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారములు.

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన ప్రతి వేసవిలోను, ఏ కోర్సు చదివితే ఏమి ప్రయోజనమో వివరించే వ్యాసాలు పత్రికల్లో వరుసగా వస్తుంటాయి. వాటిలో విదేశీ భాషల ప్రస్తావన వచ్చినప్పుడు చైనా భాషకు, అంటే మాండరిన్‌కు, రెండు వాక్యాలు దక్కుతాయి. అది చాలా కష్టమని ఒకటి, అవకాశాలు బాగున్నాయని మరొకటి. ఎవరికి కష్టం, ఎందుకు కష్టం, ప్రకాశం జిల్లాలో తెలుగు చదువుకున్న పిల్లకు అది ఎంత మేరకు కష్టం అనే ప్రశ్నల జోలికి ఎవరూ పోరు. రెండేళ్లుగా మా ఇంట్లో ఆ ప్రశ్న మీదనే చర్చ నడుస్తోంది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. మన పిల్లలకు చైనా భాషను ఇంగ్లిష్ మీదుగా కాక తెలుగు మీదుగా నేర్పాలని, అందుకు తగిన ప్రారంభ పాఠ్యపుస్తకం ఒకటి తెలుగులో రావాలని నా అభ్యర్థన.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతి కార్యాలయంలో ఇరవై ఆరేళ్లు లెక్కలు రాసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మా అమ్మాయి పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలోను, ఆ తరువాత ఒంగోలులో ఇంటర్మీడియట్‌లోను చదివి, బంధువులందరూ ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ తేదీలు అడుగుతున్న రోజుల్లో, రాష్ట్రం వెలుపల ఒక విశ్వవిద్యాలయంలో చైనా భాష ప్రధానాంశంగా బీఏలో చేరింది. చేరిన నాటికి ఆమెకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు. ఆ పిచ్చిగీతలు నేర్చుకొని ఏం చేస్తుందని మా బావమరిది నా ఎదుటే అడిగాడు. నేను మాత్రం అడ్డు చెప్పలేదు. అందుకు కారణం క్వారీ దగ్గర జరిగిన ఒక చిన్న సంఘటన.

చీమకుర్తి నల్లరాయిని మనం బ్లాక్ గెలాక్సీ అంటాము. చైనా వ్యాపారులు దానిని 'హెయ్ చిన్ షా' అంటారు. నల్ల బంగారు ఇసుక అని ఆ మాటకు అర్థం. నల్లని రాతిలో మెరిసే ఆ పసుపు చుక్కలను చూసిన వారెవరికైనా ఇంతకంటె మంచి పేరు తోచదు. బ్లాకులు కృష్ణపట్నం, చెన్నై రేవుల మీదుగా ఓడలెక్కి చైనాకు, ముఖ్యంగా ఫూజియన్ రాష్ట్రంలోని శ్యామెన్‌కు పోతాయి. రాతి వ్యాపారానికి అది పేరుమోసిన రేవు. చాలా ఏళ్ల కిందట అటువైపు నుంచి వచ్చిన ఒక కొనుగోలుదారు, బ్లాకుల మీద నీళ్లు కొట్టించి పగుళ్లు వెదికి చూసుకున్న తరువాత, బొటనవేలు, చూపుడువేలు చాచి చూపించాడు. ఆ రోజు దుభాషి రాలేదు. మా సూపర్‌వైజరు రెండు బ్లాకులనుకొని రెంటికే గుర్తు వేయించాడు. ఆయన అడిగినవి ఎనిమిది. చైనా వారు ఒక్క చేతితోనే ఒకటి నుంచి పది వరకు చూపుతారని, బొటనవేలు, చూపుడువేలు కలిపి చాపితే ఎనిమిది అని, బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు అని మాకు ఆ సాయంత్రం తెలిసింది. అంతలో మిగిలిన ఆరు బ్లాకులు మరొకరికి పోయాయి.

ఇక చదువు సంగతికి వస్తాను. మొదటి నెలంతా ధ్వనులే. చైనాలో 1958లో అధికారికంగా ఆమోదించిన పిన్‌యిన్ పద్ధతిలో ఆ ధ్వనులను రోమన్ అక్షరాలతో రాస్తారు. మా అమ్మాయి తరగతిలో వాడిన పుస్తకం ఇంగ్లిష్ మాతృభాషగా గలవారి కోసం తయారైనది. దానిలో ప్రతి ధ్వనికీ ఒక ఇంగ్లిష్ మాటను పోలికగా చూపించారు. రోమన్ 'బి' కనబడగానే మన పిల్లలు 'బ' అంటారు, కాని అక్కడ పలకవలసింది 'ప'. 'పి' కనబడితే 'ప' అంటారు, పలకవలసింది ఒత్తు 'ఫ'. ఆ 'ఫ' కూడా ఫ్యానులో వినిపించేది కాదు, 'ఫలము' అన్న మాటను తెలుగు పంతులుగారు దగ్గరుండి పలికించేది. అదే విధంగా 'డి', 'టి'లు త, థలు. 'జి', 'కె'లు క, ఖలు. మన వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, ఆ భాషలో ఈ వర్గాల్లో క, త, ప వంటి పరుషాలు, వాటి ఒత్తులు మాత్రమే ఉన్నాయి. గ, ద, బ వంటి సరళాలు లేవు. ఈ ఒక్క వాక్యం మొదటి రోజు ఎవరైనా చెప్పి ఉంటే మా అమ్మాయికి మొదటి ధ్వని పరీక్షలో ఇరవైకి ఆరు మార్కులు వచ్చేవి కావని నా నమ్మకం.

ఆ ఏడు సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఆమె పెరట్లో తిరుగుతూ పాఠం వల్లెవేస్తుంటే నేను వింటూ కూర్చున్నాను. రెండు రకాల 'చ' తనకు కలిసిపోతున్నవని బాధపడింది. ఒకటి 'చీమ'లోని చ, మరొకటి 'చాప'లోని చ కాదా అని నేను అన్నాను. పాత పుస్తకాల్లో చకారం మీద చిన్న రెండంకె వంటి గుర్తు వేసి చూపిన దంత్య చ ('చాప'లోనిది), ఏ గుర్తూ లేని తాలవ్య చ ('చీమ'లోనిది) మన నోట పుట్టుకతో ఉన్నవే. ఇంగ్లిష్ పుస్తకం ఆ దంత్య ధ్వనిని వివరించడానికి ఒక పేరా ఖర్చు చేసి కూడా సరిగ్గా చెప్పలేకపోయింది. శ, షల తేడా కూడా అంతే. మన మాటల్లో అది చెరిగిపోయినా, రాతలో ఇంకా మిగిలి ఉంది. చైనా భాషలో రెండూ వేరువేరుగా వినబడాలి. పెదవులు గుండ్రంగా చుట్టి 'ఈ' అనవలసిన అచ్చు ఒకటి మాత్రం మనకు పూర్తిగా కొత్తది. దానికి అద్దం ముందు నిలబడి సాధన చేయడం తప్ప మార్గం లేదు.

సందర్భం వచ్చింది కనుక ఒక మాట. మన పత్రికలు 'బీజింగ్' అని రాసే నగరం పేరు అక్కడి నోట దాదాపు 'పెయ్‌చింగ్'. ఆ దేశాధ్యక్షుని పేరులో మనం 'పింగ్' అని రాసేది నిజానికి 'ఫింగ్'. తెలుగు లిపిలో ఇంత చక్కగా రాయగలిగిన వాటిని ఇంగ్లిష్ వర్ణక్రమం చూసి తప్పుగా రాసుకుంటున్నాము. అలవాటైన పేర్లను ఇప్పుడు మార్చమని నేను కోరడం లేదు. మాండరిన్ అనే మాట సంగతీ విచిత్రమైనదే. అది మన 'మంత్రి' శబ్దమే. మలయ్ భాషలోకి పోయి, పోర్చుగీసు వారి నోట రూపం మార్చుకొని, చైనా అధికారులకు, ఆ తరువాత వారి భాషకు పేరైంది. చైనా వారు తమ ప్రామాణిక భాషను 'సామాన్య వాడుక' అనే అర్థం వచ్చే వేరొక పేరుతో పిలుచుకుంటారు.

ధ్వనుల తరువాత స్వరాలు. ఒకే అక్షరాన్ని నాలుగు తీరులుగా పలికితే నాలుగు మాటలవుతాయి. 'మా' అన్నది శ్రుతి పట్టినట్లు ఎత్తున నిలిపితే అమ్మ, ప్రశ్నించినట్లు పైకి లేపితే జనుము వంటి నార మొక్క, కిందికి దించి సాగదీస్తే గుర్రం, కసిరినట్లు ఒక్కసారిగా దించితే తిట్టడం. తెలుగులో స్వరాన్ని బట్టి మాట అర్థం మారదు కనుక ఇక్కడ మనవారు తడబడటం సహజమే. అయితే నెల్లూరు ప్రాంతపు మనిషి 'ఆ' అనే ఒక్క అక్షరంతో సరేననీ, ఏమిటనీ, ఇంకా చెప్పు అనీ, ఇక చాలించు అనీ నాలుగు సంగతులు చెప్పగలడు. ఆ గొంతు మెలకువను వాక్యం నుంచి మాటకు దింపుకోవడమే సాధన. వ్యాపారంలో ఉన్నవారికి ఈ సాధన ఎందుకు ముఖ్యమో తెలిపే జంట ఒకటి ఉంది. 'మాయ్' అని దించి సాగదీస్తే కొనడం, కసిరినట్లు దించితే అమ్మడం. రాతలో కూడా అవి తోబుట్టువులే: నేటి సరళీకృత లిపిలో 'కొను' అనే అక్షరం నెత్తిన 'పది' అనే అంకె గుర్తు పెడితే 'అమ్ము' అవుతుంది. కొన్నదాని మీద పది వేసుకుంటే అమ్మకమని మా అమ్మాయి జ్ఞాపకం పెట్టుకున్నది. అది వ్యుత్పత్తి కాదు, ఊరికే గుర్తుకోసం. మూడో స్వరం గల మాటలు రెండు పక్కపక్కన వస్తే మొదటిది రెండో స్వరంగా మారుతుంది. దీనికి భాషాశాస్త్రజ్ఞులు ఇంగ్లిష్‌లో పెట్టుకున్న పేరు 'టోన్ సంధి'. తరగతిలో ఆ 'సంధి' అనే పదానికి అర్థం అడగనవసరం లేని కొద్దిమందిలో మా అమ్మాయి ఒకతె.

వాక్యనిర్మాణం దగ్గర తెలుగు చేసే మేలు ఇంకా ఎక్కువ. చైనా భాషలో క్రియలకు లింగ, వచన, పురుష భేదాలు లేవు. కాలాన్ని బట్టి క్రియారూపం మారదు. కర్మ క్రియకు తరువాత వస్తుంది కనుక 'నేను రాయి కొంటాను' అనే మన వరుస అక్కడ 'నేను కొను రాయి' అవుతుంది. ఇది మనకు ఎదురు నడక. కాని 'నేను కొన్న రాయి' అనవలసి వచ్చినప్పుడు 'వో మాయ్ తె షిథోవ్' అంటారు. నేను, కొను, దానికి చేర్చే చిన్న ప్రత్యయం, రాయి. వరుస అచ్చంగా మనదే. ఇంగ్లిష్‌లో రాయి ముందుకు వచ్చి, కొన్న సంగతి దాని వెనుక తోకలాగా వేలాడుతుంది. తెలుగులో ఆలోచించే పిల్లను ముందుగా ఇంగ్లిష్ వాక్యంగా తిప్పుకోమని, దానిని మళ్లీ చైనా వాక్యంగా తిప్పమని చెప్పడమంటే, ఒంగోలు నుంచి చీమకుర్తికి వెళ్లవలసిన వాణ్ణి విజయవాడ బస్సు ఎక్కించడమే. ప్రశ్న వేయడానికి మనం 'వస్తావా' అని చివర దీర్ఘం చేర్చినట్లే వారు వాక్యం చివర ఒక 'మా' చేరుస్తారు. అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు అనే నాలుగు మాటలకు వారికీ నాలుగు వేరు మాటలున్నాయి. కెకె, తీతి, చ్యెచ్యె, మెయ్‌మెయ్ అనే ఆ నాలుగూ మా అమ్మాయికి ఒక్క పూటలో వచ్చాయి.

లెక్కించే తీరు కూడా చెప్పదగినదే. మనం ఇద్దరు మనుషులు, రెండు ఎద్దులు అని వేరు చేసినట్లు, వారు ప్రతి వస్తువుకూ దాని ఆకారానికి తగిన గణన పదం ఒకటి వాడతారు. రాతి ముక్కకు వాడే 'ఖ్వాయ్' అనే మాటనే వాడుకలో డబ్బుకూ వాడతారు. ఒక ఖ్వాయ్ రాయి, ఒక ఖ్వాయ్ డబ్బు. చీమకుర్తిలో జీవితం గడిపిన నాకు ఇది చాలా సహజంగా తోచింది. పెద్ద అంకెల్లో మాత్రం జాగ్రత్త అవసరం. వారి లెక్క పదివేల మీద నడుస్తుంది. పదివేలు ఒక 'వాన్', మన లక్ష వారికి పది వాన్‌లు, కోటి వెయ్యి వాన్‌లు. లక్షలను మిలియన్లుగా, మిలియన్లను వాన్‌లుగా మార్చేటప్పుడు ఒక సున్నా జారిపోవడం నేను పని చేసిన బల్ల మీదనే చూశాను. లక్ష నుంచి నేరుగా వాన్‌కు పోతే ఒక్క మెట్టు.

లిపి దగ్గరకు వచ్చేసరికి తెలుగు మనకు ఏ సాయమూ చేయదు, ఈ మాట దాచకూడదు. యాభై ఆరు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు నేర్చుకుంటే ఏ మాటనైనా చదవగలిగిన మనకు, తెలియని మాట కనబడితే దానిని పైకి చదవడానికి కూడా వీలులేని రాత ఒకటి ఉంటుందని నమ్మడమే కష్టం. వాడుకలోని అక్షరాల జాబితాగా చైనా 1988లో ప్రకటించిన దానిలో 3,500 ఉన్నాయి. మా అమ్మాయి నాలుగు గళ్లుగా చీల్చిన చతురస్రాలున్న పుస్తకంలో ఒక్కొక్క అక్షరాన్ని అడ్డగీత ముందు, నిలువుగీత తరువాత, ఎడమ ముందు, కుడి తరువాత అన్న క్రమంలో పేజీల కొద్దీ దిద్దింది. నిన్న వచ్చినది రేపటికి మరచిపోతుంది. ఇందులో అడ్డదారి లేదు. అయినా ఆ రాత పిచ్చిగీతలు మాత్రం కాదు. అత్యధిక అక్షరాల్లో ఒక భాగం అర్థాన్ని, మరొక భాగం ఉచ్చారణను సూచిస్తాయి. గుర్రం గుర్తుకు 'మా' అనే ఉచ్చారణ ఉంది. దాని పక్కన స్త్రీ గుర్తు పెడితే అమ్మ, నోరు గుర్తు పెడితే ఇందాక చెప్పిన ప్రశ్నార్థకం, రాయి గుర్తు పెడితే ఓడరేవు అనే మాటలోని మొదటి అక్షరం. రాయి గుర్తు గని, ఇటుక, గట్టిదనం అనే అర్థాలు గల అక్షరాల్లోనూ, అన్నిటికంటె చిత్రంగా 'పరిశోధన' అనే మాటలోనూ కనబడుతుంది. రాతి మీద నూరడం ఆ అక్షరానికి మూలార్థం. రొయ్య అనే అక్షరంలో చేప గుర్తు ఉంటుందనుకుంటాము, ఉన్నది పురుగు గుర్తు. నెల్లూరు ఆక్వా రైతులు దీనికి నొచ్చుకోవలసిన పని లేదు.

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ, ఇంగ్లిష్ వారికి మాండరిన్ వృత్తిస్థాయిలో రావడానికి సుమారు 2,200 తరగతి గంటలు పడుతుందని లెక్క కట్టింది. వారానికి పన్నెండు గంటల చొప్పున ఏడాదికి ముప్పై వారాలు జరిగే మన డిగ్రీ తరగతిలో మూడేళ్లకు వచ్చేది వెయ్యి గంటల పైచిలుకే. కనుక బీఏ పూర్తికాగానే దుభాషి కాగలరనుకోవడం భ్రమ. ముప్పై రోజుల్లో నేర్పుతామనే గోడ ప్రకటనల గురించి చెప్పనే అక్కరలేదు. ఆ భాషకు చైనా నిర్వహించే హెచ్‌ఎస్‌కే పరీక్షలో పాత పద్ధతి ప్రకారం మొదటి మెట్టుకు 150 మాటలు, ఆరో మెట్టుకు 5,000 మాటలు రావాలి. 2021లో ప్రకటించిన కొత్త ప్రమాణంలో తొమ్మిది మెట్లు, 11,092 మాటలు ఉన్నాయి. మొదటి ఏడాది చివరకు పిల్ల ఏ మెట్టు మీద ఉండాలో తల్లిదండ్రులకు ముందే తెలిస్తే, ఇంకా గడగడ మాట్లాడటం లేదేమని అడిగి విసిగించరు. ఆ తప్పు నేను చేశాను.

సరిహద్దు ఉద్రిక్తతల మాట కొందరు ఎత్తుతారు. 2019 నాటి జాతీయ విద్యావిధానం ముసాయిదాలో పాఠశాలల్లో నేర్పదగిన విదేశీ భాషల ఉదాహరణల్లో చైనా భాష ఉంది. 2020 జూలైలో వచ్చిన తుది విధానంలో ఆ పేరు లేదు. నా అభిప్రాయంలో, పొరుగువాడితో పొత్తు ఉన్నా తగవు ఉన్నా వాడి మాట తెలిసినవారు మన వైపు ఉండటమే మేలు. ఫోను అనువదిస్తుంది కదా అనేవారికి, క్వారీలో యంత్రాల మోతల మధ్య ఫోను ఏమి వింటుందో ఒకసారి వచ్చి చూడమని మనవి. రొయ్యల సంగతి నాకంటె నెల్లూరు వారికే బాగా తెలుసు. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ఇతర దేశాల వైపు చూడక తప్పలేదు, మన సముద్ర ఉత్పత్తులు కొనే దేశాల్లో అమెరికా తరువాతి పెద్ద దేశం చైనాయే.

పోనీ ఇది మన తీరానికి కొత్త సంబంధమా అంటే అదీ కాదు. గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన మోటుపల్లిలోను, ఉమ్మడి నెల్లూరు జిల్లా కోట మండలంలోని కొత్తపట్నం తీరంలోను చైనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. మనం తేయాకు అనే మాటలోని మొదటి అక్షరం, మన రాళ్లు దిగే శ్యామెన్ ప్రాంతపు మాండలికంలో టీకి ఉన్న పేరు; చాయ్‌కు మూలమైన 'ఛా' చైనాలోని చాలా ప్రాంతాల పేరు. రెండూ వేరువేరు దారుల్లో వచ్చి మన హోటలు బల్ల మీద కలుసుకున్నాయి.

మన దేశంలో ఈ భాషకు విశ్వవిద్యాలయ పీఠాలు లేకపోలేదు. శాంతినికేతన్‌లో రవీంద్రుని చొరవతో 1937లోనే చీనా భవన్ వెలసింది. ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, ఢిల్లీ విశ్వవిద్యాలయం, హైదరాబాదులో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఈ భాషను బోధిస్తున్నాయి. నేను కోరుతున్నది అంత పెద్దది కాదు. నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలులోని ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం కలిసి, సాయంత్రం పూట నడిచే ఏడాది సర్టిఫికెట్ కోర్సు ఒకదానిని ఆలోచించాలి. డిగ్రీ విద్యార్థులతో పాటు క్వారీ కార్యాలయాల్లోను, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలోను, రేవులోను పని చేసేవారు కూడా చేరగలిగేటట్లు ఉండాలి. అంతకంటె ముందుగా, చైనా భాష వచ్చిన ఒకరు, తెలుగు వ్యాకరణం వచ్చిన ఒకరు కూర్చొని నూరు పేజీల వాచకం తయారు చేయాలి. దానిలో ధ్వనులు పరుషాలు, ఒత్తుల పద్ధతిలో, వాక్యాలు మన వాక్యాల పక్కన, అంకెలు లక్షల నుంచి నేరుగా వాన్‌లకు ఉండాలి.

మా అమ్మాయి అధ్యాపకురాలు ఉచ్చారణను మాతృభాష లిపిలో రాసుకోవద్దని హెచ్చరించారట. ఆమె చెప్పినదానిలో న్యాయముంది. స్వరాల గుర్తులు వదిలేసి తెలుగులో రాసుకుంటే సగం భాష పోతుంది, ఆ అలవాటు ఏళ్ల తరబడి సాగితే పిన్‌యిన్ చదవడమే రాదు. కనుక ఆ వాచకంలో తెలుగు లిపి మొదటి నెల రోజులకే, అదీ స్వరాల గుర్తులతో సహా ఉండాలి. అటు తరువాత పిన్‌యిన్, దాని వెంట అక్షరాలు.

మొదటి ఏడాది పాఠాలను మా అమ్మాయి ఈ పద్ధతిలో తెలుగులో రాసుకున్న నోటు పుస్తకాలు మూడు మా ఇంట్లో ఉన్నాయి. మొదటి దానిలో తప్పులు చాలా ఉన్నాయి, ఎర్ర సిరాతో తరువాత తనే దిద్దుకున్నది. రెండు జిల్లాల్లో ఏ కళాశాల వారు వాటిని పరిశీలించదలచినా, మీ కార్యాలయం ద్వారా తెలియజేస్తే, నకళ్లు తీయించి నేనే తెచ్చి ఇవ్వగలను.

భవదీయుడు,
గ్రానైట్ ఎగుమతి కార్యాలయ విశ్రాంత గుమాస్తా,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా.